అమెరికాలో లాటినోలు - రెండు బళ్ళ కథ

పిల్లలూ! అమెరికా సంయుక్త రాష్ట్రాల పటం ఒకటి తీసి ముందు పరుచుకోండి. పటం లేకపోతే మీ బడిలో ఉన్న గ్లోబు చాలు. పడమట సముద్రపుటొడ్డున శాన్ ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో అనే నగరాలు కనిపిస్తాయి. కొంచెం లోపలికి వస్తే నెవాడా, కొలరాడో అనే రాష్ట్రాలున్నాయి. ఆగ్నేయాన సముద్రంలోకి చొచ్చుకుపోయిన ముక్క ఫ్లోరిడా. అమెరికాలో మాట్లాడేది ఇంగ్లీషు గదా! మరి ఈ పేర్లు ఇంగ్లీషు పేర్లేనా?

కావు. ఇవన్నీ స్పానిష్ మాటలు. లాస్ ఏంజెలెస్ అంటే "దేవదూతలు". నెవాడా అంటే "మంచు కప్పినది". కొలరాడో అంటే "ఎర్రనిది". ఎర్రమట్టి కలిసి పారే నదిని చూసి ఆ పేరు పెట్టారు. ఫ్లోరిడా అంటే "పూలతో నిండినది". ఇంగ్లీషువారు పాలించిన దేశంలో స్పానిష్ పేర్లు ఎట్లా వచ్చాయి? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే ఆరు కోట్లకు పైగా ఉన్న ఒక జనసమూహం కథ మనకు తెలుస్తుంది. వారినే లాటినోలు అంటారు.

సరిహద్దు జరిగింది

ఇంగ్లీషువారు అమెరికాలో మొదటి స్థిరమైన ఊరు జేమ్స్‌టౌన్ కట్టింది 1607లో. అంతకు 42 ఏళ్ళ ముందే, 1565లో, స్పెయిన్ దేశంవారు ఫ్లోరిడాలో సెయింట్ ఆగస్టీన్ అనే ఊరు కట్టారు. ఆ ఊరు నేటికీ ఉన్నది. 1610 నాటికి ఇప్పటి న్యూ మెక్సికోలో శాంటా ఫే వెలిసింది. అయితే ఈ ఇద్దరికంటే ముందు వేల సంవత్సరాలుగా ఆ నేలమీద అనేక ఆదిమ జాతులవారు కాపురముండేవారు. స్పెయిన్‌వారు వారిని జయించారు, బాధించారు, వారితో వియ్యమూ అందుకున్నారు. ఆ కలయికలో నుంచి, బానిసలుగా తేబడిన ఆఫ్రికా ప్రజల కలయికలో నుంచి, కొత్త జనం పుట్టింది. అందుచేత లాటినోలలో తెల్లనివారు, నల్లనివారు, చామనఛాయవారు అందరూ ఉంటారు. రంగును చూసి "వీరు లాటినోలు" అని చెప్పటం కుదరదు.

1821లో మెక్సికో దేశం స్పెయిన్ నుంచి స్వతంత్రం పొందింది. ఆనాడు కాలిఫోర్నియా, టెక్సస్, నెవాడా, యూటా, అరిజోనా, న్యూ మెక్సికో ఇవన్నీ మెక్సికోలోవే. తరవాత టెక్సస్ విడిపోయి 1845లో అమెరికాలో చేరింది. 1846లో అమెరికాకూ మెక్సికోకూ యుద్ధం వచ్చింది. మెక్సికో ఓడిపోయింది. 1848 ఫిబ్రవరి 2న గ్వాదలూపే హిడాల్గో అనే చోట సంధి జరిగింది. టెక్సస్‌ను కూడా కలిపి లెక్కిస్తే మెక్సికో తన నేలలో సగానికి పైగా పోగొట్టుకున్నది.

ఆ నేలమీద వేలాది మెక్సికన్ కుటుంబాలున్నాయి. ఒక్క సంవత్సరం గడువులోగా ఏ దేశపు పౌరులుగా ఉండదలచుకున్నారో తేల్చుకోమన్నారు. చాలామంది తమ ఇళ్ళు, పొలాలు వదలలేక అక్కడే ఉండిపోయి అమెరికా పౌరులయ్యారు. చూశారా! వాళ్ళు సరిహద్దు దాటి ఎక్కడికీ పోలేదు. సరిహద్దే వాళ్ళ ఇంటిమీదుగా జరిగిపోయింది. నిన్నటిదాకా సొంత ఊళ్ళో ఉన్నవాడు తెల్లవారేసరికి అదే ఊళ్ళో పరాయివాడయ్యాడు. భూములు వారివేనని సంధిలో మాట ఇచ్చినా, కోర్టుల్లో దస్తావేజులు చూపలేక ఎందరో వాటిని పోగొట్టుకున్నారు.

తరవాత వచ్చినవారు వేరే దారుల్లో వచ్చారు. 1898లో స్పెయిన్‌తో జరిగిన యుద్ధం వల్ల పోర్టొరీకో దీవి అమెరికా చేతికి వచ్చింది. 1917 నుంచి ఆ దీవిలోవారు అమెరికా పౌరులు. 1910లో మెక్సికోలో విప్లవం లేచినప్పుడు లక్షలమంది ఉత్తరానికి తరలిపోయారు. 1942 నుంచి 1964 వరకు పొలం పనులకు మనుషులు కావాలని అమెరికా ప్రభుత్వమే మెక్సికో నుంచి కూలీలను ఒప్పందం మీద పిలిపించుకున్నది. 1959లో క్యూబాలో విప్లవం జరిగాక అక్కడివారు ఫ్లోరిడా చేరారు. 1980 ప్రాంతంలో ఎల్ సాల్వడోర్, గ్వాటెమాలా దేశాల అంతర్యుద్ధాలు మరికొందరిని తరిమాయి. 2020 జనాభా లెక్కలలో వీరందరూ కలిసి 6 కోట్ల 21 లక్షలమంది, అంటే అమెరికా ప్రజలలో దాదాపు అయిదుగురికి ఒకరు.

వంటింటిలో, పండుగలో

వారి బతుకు ఎట్లా ఉంటుందో చూడాలంటే ముందు వంటింట్లోకి పోదాం. మెక్సికోవారి అన్నం మొక్కజొన్న. దాన్ని ఊరికే పిండి ఆడించరు. గింజలను సున్నం కలిపిన నీళ్ళలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, కడిగి, మన సన్నికల్లు వంటి రాతిమీద రుబ్బుతారు. ఆ పిండితో రొట్టె ఒత్తి పెనంమీద కాలుస్తారు. అదే తోర్తియా.

సున్నం ఎందుకు? ఇందులో ఒక శాస్త్రమున్నది. సున్నం వల్ల గింజపై పొట్టు వదులుతుంది, పిండి జిగురుగా ముద్ద కడుతుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి. మొక్కజొన్నలో నయాసిన్ అనే విటమిను ఉన్నా, అది గింజలో బిగిసిపోయి ఉండి మన ఒంటికి పట్టదు. సున్నపునీరు దాన్ని విడిపిస్తుంది. యూరపువారు మొక్కజొన్నను తీసుకుపోయారుగాని ఈ పద్ధతిని తీసుకుపోలేదు. దానితో మొక్కజొన్న తప్ప వేరే తిండి లేని పేదలకు పెల్లాగ్రా అనే జబ్బు వచ్చి, చర్మం పగిలి, మతి చెడి, వేలమంది చనిపోయారు. విటమిను అన్న మాట పుట్టక ముందు వేల ఏళ్ళ క్రితమే మెక్సికో తల్లులు ఆ రహస్యాన్ని పాటిస్తూ వచ్చారు!

మీ వంటింట్లో కూడా మెక్సికో ఉన్నది. మిరపకాయ అక్కడిది. కొలంబస్ 1492లో అమెరికా చేరిన తరవాత పోర్చుగీసువారి ఓడలమీద అది మన దేశానికి వచ్చింది. అంతకుముందు మన పెద్దలకు కారమంటే మిరియాలే. టమాటా, చాకొలెట్టు, సపోటా ఈ మూడు మాటలూ నవాత్ల్ అనే మెక్సికో ఆదిమభాషలో నుంచి వచ్చాయి. ఆ భాషను నేటికీ పదిహేను లక్షలమందికి పైగా మాట్లాడుతున్నారు.

మన గుమ్మానికి తోరణం కట్టే బంతిపువ్వు కూడా మెక్సికో బిడ్డే. అక్కడ నవంబరు 1, 2 తేదీలలో చనిపోయినవారి పండుగ చేస్తారు. మొదటి రోజు చిన్నప్పుడే పోయిన పిల్లలకు, రెండవ రోజు పెద్దలకు. ఇంట్లో పీట వేసి, పోయినవారి పటాలు పెట్టి, వారికి ఇష్టమైన వంటకాలు వడ్డించి, చుట్టూ బంతిపూలు పరుస్తారు. ఆ పూల రంగునూ వాసననూ గుర్తుపట్టి ఆత్మలు ఇంటిదారి తెలుసుకుంటాయని వారి నమ్మకం. పెత్తరమావాస్యనాడు మన ఇళ్ళలో పెద్దలకు పెట్టుకోవటం మీకు తెలుసు గదా! అయితే వారి పండుగలో ఏడుపు తక్కువ, పాట ఎక్కువ. 1970ల మొదట్లో కాలిఫోర్నియాలోని లాటినో యువకులు ఈ పండుగను వీధుల్లో ఊరేగింపుగా జరపటం మొదలుపెట్టారు. మేము ఎవరమో మరచిపోలేదని చెప్పటానికే వారు ఆ పని చేశారు.

వారు అట్లా ఎందుకు చెప్పవలసి వచ్చింది? ఇప్పుడు ఆ రెండు బళ్ళ సంగతి చెబుతాను.

మొదటి బడి - లోపలికి రానివ్వని తలుపు

రెండవ ప్రపంచ యుద్ధం సాగుతున్న రోజులు. కాలిఫోర్నియాలో వెస్ట్‌మిన్‌స్టర్ అనే ఊరు. అక్కడ గొంజాలో మెండెజ్ అనే ఆయన పొలం కౌలుకు తీసుకున్నాడు. ఆయన మెక్సికోలో పుట్టినవాడు. భార్య ఫెలీసితాస్ పోర్టొరీకోలో పుట్టింది. ఆ పొలం మునెమిత్సు అనే జపానీ కుటుంబానిది. జపానుతో యుద్ధం వచ్చిందని చెప్పి, ఏ నేరమూ చెయ్యని జపానీ అమెరికన్లను 1942లో అమెరికా ప్రభుత్వం ఎడారుల్లోని శిబిరాలకు పంపింది. మునెమిత్సు కుటుంబాన్నీ పంపారు. మెండెజ్ దంపతులు ఆ పొలాన్ని సాగుచేసి కాపాడారు. యుద్ధం ముగిసి వారు తిరిగి వచ్చినప్పుడు వారి పొలం వారికి దక్కింది.

మెండెజ్‌లకు ముగ్గురు పిల్లలు. పెద్దది సిల్వియా, ఎనిమిదేళ్ళ పిల్ల. ఒకనాడు వారి మేనత్త సొలెదాద్ తన పిల్లలతోపాటు అన్న పిల్లలను కూడా వెంటబెట్టుకుని దగ్గరున్న సెవెంటీన్త్ స్ట్రీట్ బడిలో చేర్పించటానికి వెళ్ళింది. బడివారు చూశారు. మేనత్త పిల్లలు తెల్లగా ఉన్నారు, ఇంటిపేరు కూడా మెక్సికన్ పేరులా లేదు. "వీళ్ళను చేర్చుకుంటాం" అన్నారు. సిల్వియా, ఆమె తమ్ముళ్ళు చామనఛాయగా ఉన్నారు. "వీళ్ళు మెక్సికన్ల బడికి పోవాలి" అన్నారు. సొలెదాద్ ఏమి చేసిందనుకున్నారు? తన పిల్లలకు చోటు దొరికింది గదా అని ఊరుకోలేదు. అందరినీ తీసుకుని ఇంటికి వచ్చేసింది.

మెక్సికన్ల బడి పేరు హూవర్ స్కూలు. పక్కనే ఆవులు మేసే బీడు, దాని చుట్టూ కరెంటు తీగ. పాత పుస్తకాలు, ఈగల మధ్య భోజనం. తెల్లవారి బడికేమో పచ్చని ఆవరణ, ఆటస్థలం.

గొంజాలో బడి అధికారులను ఎన్నోసార్లు అడిగాడు. వారు వినలేదు. చివరకు డేవిడ్ మార్కస్ అనే ప్లీడరును పెట్టుకుని, తనవంటి మరి నలుగురు తండ్రులను కూడగట్టుకుని, 1945 మార్చి 2న నాలుగు బడి మండలాలమీద దావా వేశాడు. అయిదువేలమంది పిల్లల తరపున వేసిన దావా అది. ఆయన ఊరూరా తిరిగి సాక్షులను పోగుచేస్తుంటే, ఫెలీసితాస్ పొలం పనులు చూసుకున్నది.

కోర్టులో అధికారులు, మెక్సికన్ పిల్లలకు ఇంగ్లీషు రాదని, అందుకే వేరుగా పెట్టామని వాదించారు. అప్పుడు పద్నాలుగేళ్ళ మెక్సికన్ బాలిక ఒకతె సాక్షి బోనులో నిలబడి చక్కని ఇంగ్లీషులో జవాబులు చెప్పింది. విద్యావేత్తలు కూడా సాక్ష్యమిచ్చారు. ఇంగ్లీషు వచ్చిన పిల్లలతో కలవనివ్వకపోతే ఇంగ్లీషు ఇంకా ఆలస్యంగా వస్తుందని వారు చెప్పారు. పంతుళ్ళందరికీ తెలిసిన సత్యమే ఇది. పిల్లలు భాషను పుస్తకంలోకంటే ఆటస్థలంలో త్వరగా నేరుస్తారు.

1946 ఫిబ్రవరి 18న జడ్జి పాల్ మెకార్మిక్ తీర్పు చెప్పాడు. భవనాలు, పుస్తకాలు, పంతుళ్ళు సమానంగా ఉన్నంత మాత్రాన చాలదు, పిల్లలందరూ కలిసి చదువుకునే వీలుంటేనే అది సమానత్వం అని ఆ తీర్పు సారాంశం. అధికారులు పై కోర్టుకు వెళ్ళారు. 1947 ఏప్రిల్ 14న అక్కడ కూడా మెండెజ్‌లే గెలిచారు. అదే ఏడు జూన్‌లో గవర్నరు ఎర్ల్ వారెన్, పిల్లలను జాతినిబట్టి వేరుచేసే బడి చట్టాలను కాలిఫోర్నియాలో రద్దుచేస్తూ సంతకం పెట్టాడు. ఈ వారెన్ తరవాత అమెరికా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. 1954లో నీగ్రో పిల్లలని ఆనాడు పిలవబడిన నల్లజాతి పిల్లలకు దేశమంతటా బడి తలుపులు తెరిపించిన బ్రౌన్ తీర్పు చెప్పింది ఆయనే. ఆ కేసు వాదించిన థర్‌గుడ్ మార్షల్ కూడా మెండెజ్ దావాలో పై కోర్టుకు మద్దతు పత్రం పంపినవాడే. ఒక చిన్న ఊరి పొలంలో వేసిన విత్తనం ఎంత చెట్టయిందో చూడండి!

సిల్వియాకు ఆనాడు ఇదంతా తెలియదు. తల్లిదండ్రులు కోర్టుకు తిరుగుతున్నది ఆ అందమైన ఆటస్థలం కోసమే అనుకున్నానని ఆమె పెద్దయ్యాక చెప్పింది. కొత్త బడిలో మొదటి రోజునే ఒక పిల్లవాడు, నువ్వు ఈ బడిలో ఉండదగినదానవు కావని ఆమెను ఆడిపోసుకున్నాడు. ఏడుస్తూ ఇంటికి వచ్చి, ఇక బడికి పోనన్నది. తల్లి ఆమెను కూర్చోబెట్టి, తాము దేనికోసం పోరాడారో, ఆ పిల్లవాడికీ ఆమెకూ తేడా ఏమీ లేదని వివరించింది. సిల్వియా మళ్ళీ బడికి పోయింది. చదువుకుని నర్సు అయి ముప్ఫై ఏళ్ళు రోగులకు సేవచేసింది. 2011లో అమెరికా అధ్యక్షుడు ఒబామా ఆమెకు దేశంలోని అత్యున్నత పౌర పతకం ఇచ్చాడు.

రెండవ బడి - మాటను పాతిపెట్టిన గొయ్యి

రెండవది టెక్సస్ రాష్ట్రం పడమటి భాగాన మార్ఫా అనే చిన్న ఊళ్ళో ఉన్నది. పచ్చి ఇటుకలతో 1909లో కట్టిన బ్లాక్‌వెల్ స్కూలు. మెక్సికన్ పిల్లలను వేరే బడిలో పెట్టాలని టెక్సస్‌లో చట్టమేదీ లేదు. అయినా అది ఆచారంగా సాగింది. చట్టాన్ని కోర్టులో ఎదిరించవచ్చు, ఆచారాన్ని ఎదిరించటం ఇంకా కష్టం.

ఆ బడిలో పిల్లలు స్పానిష్ మాట్లాడకూడదు. తరగతిలోనే కాదు, ఆటలో కూడా. మాట్లాడితే చెక్కబద్దతో కొట్టేవారు. 1954లో పంతుళ్ళు ఒక వింత పని చేయించారు. పిల్లలు కాగితపు ముక్కలమీద స్పానిష్ మాటలు రాశారు. వాటిని పెట్టెలో పెట్టి, జెండాకొయ్య దగ్గర గొయ్యి తవ్వి, శవానికి చేసినట్టే అంత్యక్రియలు చేసి పూడ్చిపెట్టారు. స్పానిష్ చచ్చిపోయిందట! పిల్లలను బాగుచెయ్యాలనే ఆ పంతుళ్ళు అనుకుని ఉంటారు. కాని ఆ పిల్లలు పాతిపెట్టింది ఏమిటి? అమ్మ జోలపాట, నాయనమ్మ కథ, నాన్న పెట్టిన పేరు.

1965లో ఊళ్ళోని పిల్లలందరినీ ఒకే బడిలో కలిపినప్పుడు ఆ బడి మూతపడింది. 2007లో పాత విద్యార్థులు, అప్పటికి తాతలూ అమ్మమ్మలూ అయినవారు, ఆ చోటికే తిరిగి వచ్చారు. గొయ్యి తవ్వి అందులోనుంచి ఒక స్పానిష్ నిఘంటువును లాంఛనంగా బయటికి తీశారు. చచ్చిందన్న భాషను మళ్ళీ బతికించామని చాటుకున్నారు. బడిని పడగొట్టనివ్వలేదు. 2022లో చట్టం చేసి దానిని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు. 2024 నుంచి ప్రభుత్వమే దాని సంరక్షణ చూస్తున్నది. తన తప్పును దాచక, రేపటి పిల్లలు చూడటానికి నిలిపి ఉంచటం ఏ దేశానికైనా గౌరవమే.

అయినా పోయినదంతా తిరిగి రాలేదు. బడిలో దెబ్బలు తిన్న పిల్లలు తల్లిదండ్రులయ్యాక, తమ బిడ్డలకు ఆ దెబ్బలు వద్దని ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడారు. నేడు అమెరికాలోని లాటినో పెద్దవారిలో సుమారు నాలుగోవంతు మంది స్పానిష్‌లో ధారాళంగా సంభాషించలేరు. అమ్మమ్మ ఒక భాషలో పలకరిస్తే మనవరాలు ఇంకొక భాషలో జవాబిచ్చే ఇళ్ళెన్నో ఉన్నాయి. స్పానిష్ రాకపోతే నువ్వు లాటినోవే కావని వారిని వెక్కిరించేవారూ ఉన్నారు. ఇది న్యాయమేనా? మీరే ఆలోచించండి.

ఏమని పిలవాలి?

హిస్పానిక్ అంటే స్పానిష్ మాట్లాడే దేశాలకు చెందినవారు. లాటినో అంటే లాటిన్ అమెరికాకు చెందినవారు. బ్రెజిల్‌వారు పోర్చుగీసు మాట్లాడతారు గనుక వారు లాటినోలేగాని హిస్పానిక్‌లు కారు. స్పెయిన్‌వారు హిస్పానిక్‌లేగాని లాటినోలు కారు. ఈ రెండు పేర్లూ లెక్కలకు బాగుంటాయి. ఇంట్లో అడిగితే మాత్రం ఒకరు మేము మెక్సికన్లమంటారు, ఒకరు క్యూబన్లమంటారు, ఇంకొకరు ఉత్త అమెరికన్లమే అంటారు. మనిషికి ఒక్క పేరే ఉండాలని ఎక్కడున్నది? ఇంట్లో చిన్ని, బడిలో సత్యవతి, ఊళ్ళో ఫలానావారి అమ్మాయి. మూడూ ఒక్క పిల్లే గదా!

ఈ కథలో మన దేశానికీ చోటున్నది. 1910 తరవాత కాలిఫోర్నియా పొలాల్లో పనిచేసిన పంజాబీ రైతులు చాలామంది, స్వదేశం నుంచి ఆడవారిని తీసుకురావటానికి చట్టాలు అడ్డు రాగా, మెక్సికన్ స్త్రీలను పెళ్ళిచేసుకున్నారు. అట్లాంటి కుటుంబాలు వందల సంఖ్యలో వెలిశాయి. వారి ఇళ్ళలో రొట్టె, తోర్తియా ఒకే పెనంమీద కాలాయి. ఈ రోజున టెక్సస్, కాలిఫోర్నియాలలో తెలుగు కుటుంబాలు వేలకొద్దీ ఉన్నాయి. మీ అన్నయ్యో, పిన్ని కూతురో అక్కడ ఉంటే, బడిలో పక్క బల్లమీద లాటినో పిల్లలు ఉండే ఉంటారు. ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లీషు అనే చిక్కు ఈ ఇద్దరికీ ఒకటే.

తల్లిదండ్రులకు ఒక్క మాట. చాలా ఏళ్ళు బడిలో పనిచేసినవాడిగా చెబుతున్నాను. తెలుగు మాట్లాడితే జరిమానా వేసే బళ్ళు మన దగ్గర కూడా ఉన్నాయి. కొత్త భాష నేర్పటానికి పాత భాషను గోతిలో పెట్టనక్కరలేదు. ఇంటి భాషలో బాగా ఆలోచించగల పిల్లవాడు రెండవ భాషను గట్టిగా పట్టుకుంటాడు. ఇంగ్లీషు నేర్పండి, తప్పకుండా నేర్పండి. కాని దానికి వెలగా అమ్మమ్మతో మాటను అడగకండి.

పిల్లలూ! ఈ నెల మీరు చెయ్యవలసిన పనులు రెండు. మొదటిది, అమెరికా పటంలో స్పానిష్ పేర్లు ఎన్ని దొరుకుతాయో వెతికి రాయండి. శాన్, శాంటా, లాస్, ఎల్ అన్న ముక్కలతో మొదలయ్యేవి చూస్తే చాలు, ఇరవై సులభంగా దొరుకుతాయి. రెండవది, మీ తాతయ్య, అమ్మమ్మ, నాయనమ్మల నోట మాత్రమే వినిపించే మాటలు పది అడిగి, అర్థంతో సహా ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. మార్ఫా పిల్లలు కాగితాలమీద రాసి గొయ్యిలో పెట్టారు. మీరు రాసి దాచుకోండి.